బంగినపల్లి గుట్ట మీద బెల్ బాటం

ఆ రోజుల్లో మా వైపు మగవాడికి బట్టలంటే రెండే. నడుముకి పంచె, భుజాన తుండు. చొక్కా అనేది పెళ్ళికో కోర్టుకో వెళ్ళేటప్పుడు పెట్టెలోంచి తీసేది. ఆ రెండిట్లోనూ పంచె మనిషి మానాన్ని కాపాడితే, తుండు మిగతా సంసారాన్నంతా కాపాడుకొచ్చేది. చెమట తుడుచుకోవడానికి అదే, మామిడి చెట్టు కింద పరుచుకుని కునుకు తియ్యడానికి అదే, గంప ఎత్తుకుంటే నెత్తిన చుట్టకుదురూ అదే. పంచాయితీలో కోపమొస్తే లేచి, దాన్ని ఒక్కసారి గట్టిగా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోవాలి. దులపడానికి తుండు లేని మనిషి కోపాన్ని మా ఊళ్ళో ఎవరూ లెక్కచేసేవారు కాదు. అటువంటి ఊళ్ళో పుట్టి, అటువంటి తుండుని కాదనుకుని నేను పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ కూర్చున్న చోట కుదురుగా కూర్చోలేను. (ఎందుకు కూర్చోలేనో ముందు ముందు మీకే తెలుస్తుంది.)

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా మనవరాలు. వేసవి సెలవుల్లో అందరం కలిసి ఊటీ వెళ్దామని ఇంట్లో తీర్మానం జరిగింది. నన్నెవరూ అడగలేదు, చెప్పారంతే. ఆ ప్రయాణానికని ఆ పిల్ల ఫోన్లో నొక్కి నాకొక పంట్లాము తెప్పించింది. నడుం దగ్గర బొత్తాము లేదు, బెల్టు లేదు, లాగితే సాగే పట్టీ. రంగు బూడిద రంగు. "తాతయ్యా, ఇది ఇంట్లో వేసుకోవచ్చు, రైల్లో వేసుకోవచ్చు, ముడత పడదు, చూడ్డానికి స్టైలుగా ఉంటుంది, ఒంటికి హాయిగా ఉంటుంది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నేను ఆ గుడ్డని చేతిలో పట్టుకుని చాలాసేపు దిగులుగా చూశాను. హాయీ, స్టైలూ! నా డెబ్భయ్యేళ్ళ బతుకులో ఆ రెండూ ఒకే ఇంట్లో కాపరం చెయ్యగా నేను చూడలేదు. చేస్తాయని నమ్మినందుకు ఒకసారి నాకు దక్కింది ఏమిటో చెబుతాను, వినండి.

అప్పుడు నాకు ఇరవయ్యేళ్ళు. బెజవాడలో కాలేజీ చదువు చదివి వచ్చానని ఊళ్ళో చెప్పుకునేవాణ్ణి. (చదివింది నిజం. పరీక్షలే నన్ను ఒప్పుకోలేదు.) డిగ్రీ రాకపోయినా అక్కణ్ణుంచి ఒక బెల్ బాటం ప్యాంటు గుడ్డా, ఒక నైలాను చొక్కా గుడ్డా తెచ్చుకున్నాను. మైలవరంలో బాంబే టైలరు అని ఒకాయన ఉండేవాడు. ఆయన ఎన్నడూ తిరువూరు దాటి ఎరగడు కానీ బోర్డు మీద మాత్రం బాంబే అని ఉండేది. ఆ ప్యాంటు పైన తొడల దగ్గర ఊపిరాడనంత బిగువు, కింద పాదాల దగ్గర గొడుగంత వెడల్పు. ఒక్కొక్క కాలు కింద ఒక్కొక్క కోడి, దాని పిల్లలతో సహా ఎండకి తలదాచుకునేదంటే మీరు నమ్మాలి. సరే, కోడి కాదు, ఒక కోడిపిల్ల. అదీ ఒక్కసారే, దారి తప్పి వచ్చింది. కానీ వచ్చిన మాట నిజం, మా అమ్మ దాన్ని వెతుక్కుంటూ నా కాలు ఎత్తి చూసిన మాటా నిజం.

అది వేసుకుని కూర్చోవడానికి లేదు, వంగడానికి లేదు, గొంతుకూర్చోవడం అన్న మాట తలపెట్టడానికే లేదు. భోజనానికి పీట వేస్తే నేను నిలబడి గోడకానుకుని తినేవాణ్ణి. మా నాన్న ఓ రోజు నన్ను అలా చూసి, "ఏంట్రా, గుర్రానికి మల్లే నిలబడి తింటున్నావ్? పడుకోవడం కూడా నిలబడేనా?" అన్నాడు. నేను పలకలేదు. చొక్కా ఇన్ చేసి బెల్టు బిగిస్తే పలకడానికి కూడా కడుపులో చోటుండేది కాదు.

ఆ వేసవిలో మా నాన్న నిచ్చెన మీంచి జారి కాలు బెణికించుకున్నాడు. సరిగ్గా బంగినపల్లి కోత మొదలైన రోజుల్లో. మా తోట రెడ్డిగూడెం దగ్గర. కాయ కోసి నూజివీడు మండీకి తోలి అక్కడ బేరం చేసుకోవడం మా నాన్న పని. ఆ పని ఆయన ఇంకొకరికి ఎప్పుడూ ఇవ్వలేదు. ఇప్పుడు మంచం దిగలేని స్థితి. నన్ను పిలిచాడు. "బళ్ళు తెల్లారగట్ట బయల్దేరతాయి. బేరం నువ్వు చేసుకురా. సరిగ్గా చేసుకొచ్చావా, తోట నీ చేతికిస్తా. చెడగొట్టుకొచ్చావా, ఏలూరులో మీ మామయ్య బియ్యం కొట్టుంది. గుమాస్తా కావాలని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు" అన్నాడు.

ఏలూరు బియ్యం కొట్టు అంటే మీకు తెలియదు. పగలు కూడా దీపం పెట్టుకోవాల్సిన చీకటి, గోనె సంచుల వాసన, సంచికొక ఎలుక, వీటన్నిటి మధ్య తుమ్ముతూ మా మామయ్య. ఇటు చూస్తే తోట. ఆ తోటలో నాకు నులకమంచం ఒకటే ముఖ్యం అని అందరూ అనుకునేవారు. (అందులో కొంత నిజముంది.) కానీ బావి పక్కన నేను చిన్నప్పుడు నా చేత్తో పాతిన టెంక ఒకటి చెట్టై, ఆ ఏడే మొదటిసారి చిన్నరసాలు కాసింది. చెట్టంతా విరగగాసిందని ఊరంతా చెప్పుకొచ్చాను. కాసినవి నాలుగు. వాటిలో ఒకటి ఉడత తినేసింది. ఆ మిగిలిన మూడు కాయల్నీ వదిలి ఏలూరు వెళ్ళి బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ బతకాలంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

నాన్న నన్ను దగ్గరికి రమ్మని, నా కుడి చేతి మీద తన తుండు కప్పి, దాని కింద వేళ్ళు నొక్కి ధర చెప్పాడు. ఇంతకన్నా తగ్గొద్దని మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. గదిలో మా అమ్మ తప్ప ఎవరూ లేరు, అయినా కప్పాడు. ధర గాలికి కూడా తెలియకూడదని ఆయన నమ్మకం. ఇప్పటివాళ్ళకి తెలియదు కాబట్టి చెబుతున్నాను, ఆ కాలంలో మండీలో బేరమంతా తుండు కిందే. అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ గుడ్డ కింద కలుసుకుంటాయి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ యాభైమంది నిలబడినా ఒక్కరికీ ఏమీ తెలియదు. పైకి మాత్రం ఇద్దరూ వానల గురించీ, ఇంట్లో పిల్లల గురించీ మాట్లాడుకుంటూ ఉంటారు.

ఇంత తెలిసీ నేనేం చేశానంటే, పొద్దున్నే మా అమ్మ ఉతికి గంజి పెట్టి నా భుజాన వేసిన తుండుని, గడప దాటగానే తీసి గడ్డివాములో దోపేశాను. బెల్ బాటం మీద తుండా? బెజవాడలో అలా ఎవరైనా చూస్తే నా పరువు ఏం కావాలి? (నూజివీడు మామిడి మండీలో నన్ను చూడడానికి బెజవాడ నుంచి ఎవరొస్తారన్నది నాకు అప్పుడు తట్టలేదు.) బళ్ళ మీద వెళ్తే దుమ్ము పడుతుందని బస్సెక్కాను. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేక కడ్డీ పట్టుకుని వేలాడుతూ వెళ్ళాను. దిగేటప్పుడు నా ప్యాంటు అంచుని ఒక ముసలమ్మ తొక్కింది, నేను దిగినా ప్యాంటు కాసేపు బస్సులోనే ఉంది. అక్కడే బాంబే టైలరు కుట్టు ఒకటి చిన్నగా నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుని నేను పట్టించుకోలేదు.

మండీలో మా కాయని వరిగడ్డి పరిచి గుట్టలుగా పోశారు. నేను సన్‌గ్లాసులు కూడా పెట్టుకుని గుట్ట పక్కన నిలబడ్డాను. మా నాన్న కాయ ఎప్పుడూ కొనేది కళ్ళజోడు షావుకారు గారు. సీసా అడుగంత మందం అద్దాలు. కాయని చూసేవారు కాదు, వాసన చూసేవారు. వచ్చి ఒక కాయ ముచ్చిక దగ్గర వాసన చూసి, తల ఊపి, కుడి చెయ్యి నా ముందుకి చాపారు. చాపి ఆగిపోయారు.

"తుండేదీ?" అన్నారు.

"లేదండి."

"మర్చిపోయొచ్చావా?"

"ఈ డ్రెస్సు మీదకి తుండు వేసుకోరండి" అన్నాను, కాస్త గర్వంగానే.

ఆయన నన్ను కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ చూశారు. "మరి ధర ఎక్కడ దాస్తావు నాయనా, ఆ గంటల్లోనా?" అన్నారు నా ప్యాంటు అంచులు చూపించి.

మీ భుజాన ఉంది కదండీ, అది కప్పుదాం అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. అమ్మేవాడి తుండే కప్పాలట. కొనేవాడి తుండు కింద చెయ్యి పెట్టిన రైతు, కాయతో పాటు పరువూ తూకం వేసినట్టట. తరతరాల నుంచి అదే మర్యాదట. చుట్టూ జనం పోగవుతున్నారు. ఏలూరు ఎలుకలు కళ్ళముందు తిరిగాయి. చేసేది లేక బెల్టులోంచి చొక్కా అంచు పైకి లాగి, "దీని కింద పెట్టండి" అన్నాను.

పాపం ఆయన పెట్టారు. నైలాను గుడ్డ సంగతి మీకు తెలుసో లేదో. పొడిగా ఉంటేనే పలచటి మజ్జిగ. అది నా చెమటకి పొద్దుటి నుంచీ తడిసి ఉంది. ఆయన చెయ్యి లోపలికి వెళ్ళగానే గుడ్డ ఆ చేతికి అతుక్కుపోయి, వేలు వేలుకీ గాజు పలక బిగించినట్టయింది. పైగా ఆ వేళ్ళు నా పొట్టకి తగిలి నాకు చక్కిలిగింతలు. బేరం చేస్తున్న మనిషి మెలికలు తిరుగుతూ కిచకిచమనడం ఆ మండీ పుట్టాక ఎవరూ చూసి ఉండరు. కాయ ఏరే ఆడవాళ్ళలో ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టుకుని, "షావుకారు గారి ఉంగరంలో రాయి కూడా కనపడుతుందండోయ్" అంది. మండీ అంతా గొల్లుమంది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని, చొక్కా సర్దుకోమని సైగ చేసి, బజారున పడ్డ బేరం బేరమే కాదంటూ పక్క గుట్ట దగ్గరికి వెళ్ళిపోయారు. మిగతా వ్యాపారులు నా వైపు రానేలేదు. పక్క గుట్టల దగ్గర తుండ్లు లేస్తున్నాయి, దిగుతున్నాయి, కాయ లారీలకెక్కుతోంది. మా కాయ మాత్రం నాలాగే ఎండలో నిలబడి ఉంది. ఇంకాసేపుంటే మెత్తబడుతుంది. మెత్తబడ్డ కాయని మెత్తబడ్డ ధరకే అడుగుతారు. నా సన్‌గ్లాసుల వెనక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. (చెమట అని అప్పుడు చెప్పాను. చెమట కాదు.)

అప్పుడు గుట్ట పైనుంచి ఒక కాయ దొర్లింది. మా నాన్న కాయ నేల మీద దొర్లితే చూస్తూ ఊరుకునే రక్తం కాదు నాది. వంగాను. అంతే. ఆ చప్పుడు హనుమాన్ జంక్షను దాకా వినపడింది. లేదు, అంత లేదు. మండీలో సగానికే వినపడింది. కానీ ఆ సగంలోనే అందరూ ఉన్నారు. బస్సులో నిట్టూర్చిన కుట్టు తన బంధువులందర్నీ పిలుచుకుని ఒకేసారి సెలవు తీసుకుంది. వెనక్కి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, కొంగలా ఒంటికాలి మీద తిరుగుతూ, భూమి పగలదా అని చూశాను. భూమి పగలలేదు, పగలాల్సింది అప్పటికే పగిలింది.

నవ్వని వాడు ఒక్క కళ్ళజోడు షావుకారు గారే. ఆయన మెల్లగా వచ్చి, తన భుజం మీది తుండు తీసి నా చేతిలో పెట్టి, "ముందు కట్టుకో నాయనా" అన్నారు. కట్టుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. ఆయన ఒక్క నిమిషం ఆగి, "అది నీకిచ్చేశాను. ఇక అది నీ తుండే. చెయ్యి పెట్టు, బేరం చేసుకుందాం" అన్నారు.

"అది నడుముకుందండి" అన్నాను.

"తెలుసు. విప్పు."

"విప్పితే ఎలాగండి?"

"విప్పకపోతే ఎలాగ?" అన్నారాయన.

ఆలోచించండి. తుండు ఒకటి, దాచాల్సినవి రెండు. ధరని కప్పితే నేను బయటపడతాను, నన్ను కప్పితే తోట పోతుంది. కాలేజీలో మాకు బోలెడు లెక్కలు చెప్పారు కానీ ఇటువంటి లెక్క ఒక్కటీ చెప్పలేదు. అటూ ఇటూ చూశాను. గోడ దూరం. బండి దూరం. దగ్గర్లో ఉన్నది మా బంగినపల్లి గుట్టే. తుండు విప్పి, విప్పిన క్షణంలోనే వెనక్కి ఆ గుట్టలోకి కూలబడ్డాను. చిరిగిన చోటు కాయల్లో దాక్కుంది. సింహాసనం మీద కూర్చున్న జమీందారులా చెయ్యి చాపి, తుండు కప్పాను. ఎంత తెలివి అనుకున్నాను.

ఆ తెలివి ఎంతో సేపు లేదు. మామిడితోటల్లో పెరిగిన వాణ్ణి, పాలు తాగే వయసు నుంచి సొన అంటే భయపడిన వాణ్ణి, పచ్చి కాయ మీద ముచ్చిక విరిగితే కారేది పన్నీరు కాదని తెలిసిన వాణ్ణి. నా బరువుకి ముచ్చికలు ఒక్కొక్కటీ టపటపమని విరగడం మొదలుపెట్టాయి. సొన చెంప మీద పడితేనే బొబ్బ లేస్తుంది. మరి నేను దాని మీద ఎలా కూర్చున్నానో, ప్యాంటు ఎక్కడ చిరిగిందో మీకు చెప్పాను కదా. మొదట చల్లగా తగిలింది. తర్వాత వెచ్చగా. ఆ తర్వాత ఎవరో కింద పొయ్యి వెలిగించి మంట ఎగదోస్తున్నారు. లేద్దామా అంటే ఆ కాయ ఏరే ఆడవాళ్ళు ఎదురుగానే ఉన్నారు.

షావుకారు గారు తుండు కింద నా వేళ్ళు పట్టుకుని ఒక ధర చెప్పారు. సరిగ్గా అదే క్షణంలో ఇంకో ముచ్చిక విరిగింది. నా మొహం పచ్చి చింతకాయ కొరికినట్టు ముడుచుకుపోయింది. ఆయన ఉలిక్కిపడి, "అంత తక్కువేం చెప్పలేదే" అంటూ ఇంకొంచెం పెంచారు. నేను పళ్ళు కొరికి ఆకాశం వైపు చూశాను. ఇంకొంచెం పెంచారు. ఈసారి నా గొంతులోంచి దెబ్బతిన్న దున్నపోతు రొద లాంటిదేదో వచ్చింది. "మీ నాన్న కూడా ఇంత కఠినంగా ఉండడయ్యా" అని ఆయన చివరికి అరచెయ్యంతా గట్టిగా పట్టుకున్నారు. అది నాన్న చెప్పిన ధరకి రెట్టింపు అని మా ఊళ్ళో కొన్నాళ్ళు చెప్పాను. రెట్టింపు కాదులెండి. రెండు వేళ్ళు ఎక్కువ. ఆ రెండు వేళ్ళూ నా తెలివితేటలవి కాదు, సొనవి.

ఇంటికి ఖాళీ బండిలో గడ్డి మీద బోర్లా పడుకుని వచ్చాను. దారిలో ఎదురైన వాళ్ళంతా బండాపి, అయ్యో, ఏమైంది అని అడిగారు. ఎంత దాచినా బండి తోలేవాడు చెబుతూనే ఉన్నాడు. రాత్రికి మా ఇంట్లో దృశ్యం ఎలా ఉందంటే, ఒక మంచం మీద కాలు పైకెత్తుకుని వెల్లకిలా మా నాన్న, పక్క మంచం మీద బోర్లా నేను, మధ్యలో కొబ్బరినూనె గిన్నెతో మా అమ్మ. నాన్న చెయ్యి చాపాడు. నేను షావుకారు గారి తుండు కింద వేళ్ళు నొక్కి ధర చెప్పాను. ఆయన నా వేళ్ళు మళ్ళీ తడిమి లెక్కపెట్టుకున్నాడు. ఎలా సాధించావురా అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వుతుంటే మంచం కిర్రుమంది. నవ్వినప్పుడల్లా కాలు కదిలి "అబ్బా" అన్నాడు, మళ్ళీ నవ్వాడు. చివరికి కళ్ళు తుడుచుకున్న తన తుండునే నా వీపు మీద కప్పి, "ఉంచుకో. రేపట్నుంచి మండీకి నువ్వే వెళ్ళు. మీ అమ్మిచ్చిన దాన్ని గేదె వాములోంచి లాగి సగం నమిలేసింది, దీన్నైనా అక్కడ దోపకు" అన్నాడు.

తోట నా చేతికొచ్చింది. బావి పక్కన చిన్నరసం చెట్టు ఇప్పటికీ ఉంది. మామూలుగా ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. కానీ తుండు బతుకు చూడండి. ఏ గుడ్డ కోసం నేను అన్ని బొబ్బలు పడ్డానో, ఆ గుడ్డకి ఇవాళ మండీలో పనే లేదు. ధరలు తెల్లారేసరికి ఫోన్లో వచ్చేస్తాయి, నేను పళ్ళు తోముకునేలోగా ఊరందరికీ తెలుస్తాయి. వేళ్ళు పట్టుకునే షావుకార్లు లేరు. పట్టుకుందామన్నా కప్పే రైతులు లేరు, అందరూ ప్యాంట్లే. అందరూ నిమ్మళంగా కూర్చుంటున్నారు, వంగుతున్నారు, లేస్తున్నారు, ఒక్కరిదీ చిరగడం లేదు. నా తరం పడిన కష్టానికి ఇదీ ఫలితం.

మొన్న సామాను సర్దుతున్నప్పుడు మా మనవరాలు నా సంచిలోంచి తుండు తీసి పక్కన పెట్టింది. ఊటీలో ఉన్నన్నాళ్ళూ ఆ బూడిద రంగు పంట్లామే అంది. పంచె కట్టుకుంటే ఫొటోల్లో బాగుండదట. మా ఆవిడ పక్కన కూర్చుని, "మీరు దాంతో వాదించలేరు లెండి" అంది. వాదించడం దేనికి? తుండు తీసి మనవరాలి చేతి మీద కప్పి, పంచె ఎన్ని రోజులో చెప్పమన్నాను. ఆ పిల్ల నవ్వి, పోనీలే అన్నట్టు నా వేలొకటి పట్టుకుంది. నేను పాత మొహం పెట్టాను. అదే, ముచ్చిక విరిగినప్పటి మొహం. "అయ్యో తాతయ్యా, ఏమైంది?" అంటూ కంగారుగా ఇంకో వేలు పట్టుకుంది. ఇంకొంచెం ముడిచాను. ఇంకో వేలు. మా ఆవిడకి ఆ మొహం కొత్త కాదు కాబట్టి తల తిప్పుకుని నవ్వుకుంది. సొన లేకుండానే ఆ మొహం వచ్చిందంటే, ఇన్నేళ్ళలో ఈ ముసలాడు ఆ ఒక్క విద్యైనా నేర్చుకున్నట్టే.

ఊటీలో అన్ని రోజులూ పంచెలోనే తిరిగి వచ్చానని అందరికీ చెప్పబోతున్నాను. మీకు మాత్రం నిజం చెబుతాను. ప్రయాణం ఇంకా వారం ఉంది. ఈ నాలుగు ముక్కలూ ఆ బూడిద రంగు పంట్లాము వేసుకునే, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని రాస్తున్నాను. భుజాన తుండు ఉంది. ఎక్కడా బిగువు లేదు, మంట లేదు. ఇంత హాయిగా కూర్చోవడం ఆ ఇరవయ్యేళ్ళ వాడికి తెలిసుంటే, పాపం, ఆ వేసవంతా బోర్లా పడుకునేవాడు కాదు.